ట్రోమ్సో – లాంగ్‌ఇయర్‌బియెన్ ప్రయాణ సమయంపై మీ వెబ్‌సైట్ చూపిన తప్పు లెక్క గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

గత జూన్‌లో నేనూ నా భార్యా ఉత్తర నార్వేలోని ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బియెన్‌కు వెళ్ళేందుకు మీ వెబ్‌సైట్ ద్వారా ఏర్పాట్లు చేసుకున్నాం. ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం 3,540 కిలోమీటర్లనీ, ప్రయాణానికి 4 గంటల 50 నిమిషాలు పడుతుందనీ మీ పేజీ చూపింది. అది నమ్మి, దిగిన రోజు సాయంత్రం పడవ విహారం అందదనుకుని దాన్ని మర్నాటికి పెట్టుకుని, అందుకోసం హోటల్లో ఒక రాత్రి అదనంగా తీసుకున్నాం. తీరా టికెట్లు చేతికొచ్చాక చూస్తే ప్రయాణం గంటా నలభై నిమిషాలే. అప్పటికి హోటల్ సొమ్ము వెనక్కి రాదన్నారు. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు కనుక, చీకటే పడని రాత్రికి మేము అద్దె కట్టామన్నమాట.

పేజీలోని సమయం అంచనా మాత్రమేనని మీ ప్రతినిధి జవాబిచ్చారు. పావుగంటో అరగంటో తేడా వస్తే అంచనా అనవచ్చు గానీ, ఇది దాదాపు మూడు రెట్ల తేడా. ట్రోమ్సో దాదాపు 69.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, లాంగ్‌ఇయర్‌బియెన్ 78.2 డిగ్రీల మీద ఉన్నాయి. అక్షాంశం డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున గుణించి, రేఖాంశంలో ఉన్న కొద్దిపాటి తేడా కలుపుకుంటే దూరం 960 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది. బడిలో భూగోళం చదివినవారెవరైనా వేయగల లెక్క ఇది. మీ అంకె ఎక్కడిదో కూడా ఊహించగలను. గుండ్రని భూమిని చదునుగా పరిచి గీసే మెర్కేటర్ పటం మీద ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దూరాలు సాగిపోతాయి. ట్రోమ్సో దగ్గర దాదాపు మూడు రెట్లు, లాంగ్‌ఇయర్‌బియెన్ దగ్గర దాదాపు అయిదు రెట్లు. ఆ పటం మీద గీత గీసి, భూమధ్యరేఖ దగ్గరి కొలతతో కొలిస్తే దాదాపు మీ 3,540 వస్తుంది. కెనడాలోని ఇకాలుయిట్ నుంచి గ్రీన్‌లాండ్‌లోని నూక్‌కు దూరం దాదాపు 820 కిలోమీటర్లయితే, మీ పేజీలో అదీ 1,880గా ఉంది. కాబట్టి దీన్ని మా ఒక్క ప్రయాణంలో దొర్లిన పొరపాటుగా తీసిపారేయవద్దు.

మరొకటి. రెండు ఊళ్ళూ నార్వేవే గనుక మీరు దీన్ని దేశీయ ప్రయాణంగా చూపి, అందుకు తగ్గ వ్యవధే లెక్కలో చేర్చారు. కానీ స్వాల్‌బార్డ్ షెంజెన్ ప్రాంతంలోకి, అంటే సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగల యూరప్ దేశాల ప్రాంతంలోకి, రాదు. ట్రోమ్సోలో పాస్‌పోర్ట్ తనిఖీ తప్పదు. భారతీయులు తిరిగి నార్వే ప్రధాన భూభాగంలో అడుగుపెట్టాలంటే వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లాలి. మాకు అటువంటి వీసా ఉండబట్టి సరిపోయింది.

అదనపు రాత్రికి మేము చెల్లించిన హోటల్ అద్దె పూర్తిగా తిరిగి ఇవ్వాలనీ, ఉత్తర ప్రాంత మార్గాలన్నిటికీ దూరాన్ని గోళం మీద లెక్కగట్టి సరిదిద్దాలనీ, అంతవరకు ఆ పేజీల్లో ప్రయాణ సమయం చూపడం ఆపాలనీ కోరుతున్నాను. బుకింగ్ రసీదు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు జతపరిచాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్