గిద్దలూరు కోస్తా ఎప్పుడైంది?

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెల్ని గిద్దలూరు దగ్గర పల్లెలో ఇచ్చాం. ఆమె సముద్రం చూసింది ఒక్కసారే, పిల్లల్ని తీసుకుని చీరాల పోయినప్పుడు. అయినా టీవీ వాళ్ల లెక్కలో ఆమెది కోస్తా. మొన్న నవంబరులో ‘కోస్తాకు భారీ వర్షాలు’ అని స్క్రోలింగ్ చూసి, రోడ్డు పక్కన ఆరబోసిన మొక్కజొన్నలు రాత్రికి రాత్రే సంచులకెత్తి, పట్టాలు కప్పి, తెల్లవార్లూ టెన్షన్‌తో కూర్చున్నారు. చినుకు పడలేదు. సరిగ్గా ఆరని గింజలు సంచుల్లో వేడెక్కి బూజు పట్టాయి. వ్యాపారి ధర కోశాడు.

1970 దాకా గిద్దలూరు, మార్కాపురం మా కర్నూలు జిల్లాలోవే. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పాటు చేసి వాటిని అందులో కలిపారు. దాంతో అవి కోస్తా అయిపోయాయి. నల్లమల కదల్లేదు, నీళ్లలో ఫ్లోరైడ్ పోలేదు, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపులు తప్పలేదు. మ్యాపు మీద స్కేలు పెట్టి చూశాను. గిద్దలూరు నుంచి తీరానికి సుమారు 130 కిలోమీటర్లు, కడప నుంచి 140. ఆ పది కిలోమీటర్ల తేడాకే ఒకటి కోస్తా, ఇంకొకటి సీమ! అటు శ్రీహరికోటేమో 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. సీమకు సముద్రం వచ్చిందని సంబరపడాలేమో.

సీమ అన్న పేరుతో నాకు పేచీ లేదు. నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్త మండలాలు అనిపించుకోలేక 1928లో నంద్యాల సభలో పెట్టుకున్న పేరది. కోస్తా, సీమ నాయకులు రాసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందంలో సాగునీటి ప్రాధాన్యం దగ్గర సీమ పక్కనే నెల్లూరునూ రాశారు. అప్పటి పెద్దలు చూసింది కాలువల్ని, సముద్రాన్ని కాదు.

నా పేచీ వాన వార్తలతోనే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వాన తెచ్చింది బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండమే. మునిగినవి మాత్రం సముద్రం మొహం చూడని రాజంపేట పల్లెలు. ‘కోస్తాకు తుపాను’ అని చదివితే కర్నూల్లో నేనూ పేజీ తిప్పేస్తాను, మనకేంలే అని.

వాతావరణ కేంద్రం హెచ్చరికలు జిల్లాల వారీగా కూడా ఇస్తోంది. హెడ్డింగు దాకా వచ్చేసరికి అవి కోస్తా, సీమ అని రెండు ముక్కలవుతున్నాయి. మీ పత్రికలోనూ అంతే. మొదటి పేజీలో జాగా ఉండదని తెలుసు. లోపలి పేజీలోనైనా ఏ మండలాలకు వాన గండం ఉందో పేర్లతో వేయండి. గిద్దలూరు పేరు కనబడితే మా చెల్లెలు గింజలు ఎత్తుకుంటుంది, లేకపోతే ఆరనిస్తుంది.

– ఒక పాఠకుడు, కర్నూలు