ప్రోగ్రామర్ల మీటప్‌కూ నాలుగు లైన్ల చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో జరిగే ప్రవచనాలు, పుస్తకావిష్కరణల వివరాలు తెలుగు పత్రికల బెంగళూరు పేజీల్లో వస్తుంటాయి. ప్రోగ్రామర్లు నెలకోసారి కలిసి తమ పని గురించి తెలుగులో మాట్లాడుకునే మీటప్‌లకూ అక్కడ చోటివ్వమని కోరడానికే ఈ ఉత్తరం. అయితే మీటప్ పెట్టాలనుకునేవారు ప్రకటన కన్నా ముందు చక్కబెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి లేకుండా జనాన్ని పిలిస్తే మూడో నెలకే గ్రూపు మూతపడుతుంది.

బెంగళూరులో మీటప్‌లకు కొదవేం లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారి సదస్సు పైకాన్ ఇండియా మొట్టమొదట 2009లో జరిగింది ఇక్కడి ఐఐఎస్‌సీలోనే. బెంగళూరు పైథాన్ ప్రోగ్రామర్ల బృందం బ్యాంగ్‌పైపర్స్ లాంటి గ్రూపులు ఏళ్లుగా ఉన్నాయి. అయినా అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి మారతహళ్లి పీజీలో దిగిన కొత్తవాళ్లు ఆ హాళ్లలో వెనక వరసలో కూర్చుని, ఒక్క ప్రశ్నా అడక్కుండా లేచి వెళ్లిపోతుంటారు. తెలుగులో అడగడానికి ఒక చోటుంటే రేపు అక్కడా నోరు విప్పుతారు. అందుకే తేదీ పెట్టేముందు ఆ గ్రూపుల క్యాలెండర్లు చూడాలి, వాటితో ఢీకొట్టకూడదు.

నెలలో ఒక శనివారం ఖాయం చేసుకుని ఇక కదపొద్దు. స్పీకర్ దొరకలేదని వారం వాయిదా వేస్తే, తర్వాతిసారి ఎవరూ తేదీని నమ్మరు. సంక్రాంతి, ఉగాది, దసరా, లాంగ్ వీకెండ్‌లు మాత్రం వదిలేయాలి. శుక్రవారం రాత్రికే సగంమంది మడివాళలోనో కేఆర్ పురంలోనో బస్సెక్కేసి ఉంటారు. మొదటి మీటప్‌కు 20 మంది చాలు. 100 మందిని పోగేయాలన్న ఉబలాటం మంచిది కాదు, వాళ్లలో ఎవరికీ పక్కవాడి పేరు కూడా తెలియదు.

అసలు చిక్కంతా హాలుతోనే. ఏదో కంపెనీ ఆఫీసును ఉచితంగా ఇస్తుంది, సంతోషమే. కానీ టెక్ పార్కుల్లో శనివారం ఏసీ ఆపేస్తారు, అడ్మిన్‌కు ముందే రాసివ్వాలి. వచ్చేవారి పేర్లు గురువారానికల్లా సెక్యూరిటీకి చేరాలి, ఫొటో గుర్తింపు కార్డు తెమ్మని అందరికీ చెప్పాలి. లేకపోతే టాక్ మొదలయ్యేసరికి సగం జనం గేటు దగ్గరే ఉంటారు. ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు చివరిదాకా ఉండాలి, బ్యాడ్జి లేనిదే తలుపులు తెరుచుకోవు. గెస్ట్ వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు. 20 మంది ఒకేసారి డాకర్ ఇమేజ్ (ప్రోగ్రాము నడవడానికి కావలసినవన్నీ కట్టిన పెద్ద ఫైలు) దించుకోబోతే ఏ హాట్‌స్పాటూ ఆగదు. పెన్‌డ్రైవ్‌లో ఇద్దామంటే ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ బ్లాక్ చేసి ఉంటుంది. కాబట్టి దాని లింకు మూడు రోజుల ముందే పంపి, ఇంట్లోనే దించుకుని రమ్మనాలి. హెచ్‌డీఎంఐ కేబుల్, యూఎస్‌బీ-సీ అడాప్టర్ నిర్వాహకుల సంచిలోనే ఉండాలి. పగటి వెలుతురులో ప్రొజెక్టర్ మీద డార్క్ థీమ్ (నల్లటి తెర మీద లేత అక్షరాలు) కనిపించదు. కమాండ్లు టైపు చేసే టర్మినల్‌కు లైట్ థీమ్, 24 పాయింట్ల ఫాంట్ పెట్టమని స్పీకర్‌కు ముందే చెప్పాలి. మెట్రో పర్పుల్ లైన్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో హాలుంటే, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సాకు సగం తగ్గుతుంది.

ఉచిత మీటప్‌కు పేరిచ్చినవారిలో సగంమంది వస్తే గొప్ప. 20 మంది కావాలంటే 40 పేర్లు తీసుకోవాలి. సమోసాలు మాత్రం తలలు లెక్కపెట్టాకే ఆర్డరివ్వాలి, ఆ బిల్లు హాలిచ్చినవారినే నేరుగా కట్టమనాలి. చేతిలోకి డబ్బు వచ్చిందా, లెక్కలూ తగాదాలూ వెంటే వస్తాయి.

వాట్సాప్ గ్రూపు కన్నా ఛానెల్ మేలు. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. అమ్మాయిలకు అనవసరపు మెసేజ్‌లు వస్తాయి, నెల తిరక్కుండా కోర్సుల ప్రకటనలు నిండిపోతాయి. ఆంధ్రా మెస్సులు, పీజీల గోడల మీద ఏ4 పోస్టర్లు బాగా పనిచేస్తాయి. క్యూఆర్ కోడ్ ఎంత దూరం నుంచి చదవాలో అందులో పదోవంతు వెడల్పుండాలి. మీటరు దూరానికి 10 సెంటీమీటర్లన్నమాట.

టాపిక్‌లకు వెతుక్కోనక్కర్లేదు. తెలుగు ఎస్సెమ్మెస్ 160 క్యారెక్టర్లకు కాకుండా 70 దగ్గరే ఎందుకు తెగుతుంది? కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘క్షీ’, అన్ని భాషల లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 4 కోడ్ పాయింట్లు (నంబర్లు), వాటిని కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో 12 బైట్లు ఎలా అయింది? మధ్యలో కత్తిరిస్తే యాప్‌లో ఏం కనిపిస్తుంది? ఒక్కోటి 20 నిమిషాల టాక్‌కు సరిపోతుంది. ప్రతి టాక్ తర్వాతా 10 నిమిషాలు ప్రశ్నలకు వదలాలి, అది స్పీకర్ తినేయకుండా ఒకరు గడియారం చూస్తుండాలి.

ఇక మా కోరిక. మీటప్ జరిగే వారం, శుక్రవారం పత్రికలో నాలుగు లైన్లు: తేదీ, గంట, టాపిక్, దగ్గరి మెట్రో స్టేషన్. వివరాలు బుధవారానికల్లా మీ కార్యాలయానికి అందేలా పంపించే బాధ్యత నిర్వాహకులది. చోటుంటే క్యూఆర్ కోడ్ వేయండి, 3 సెంటీమీటర్లకు తగ్గితే మాత్రం వద్దు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి ఫోన్లు చదవలేవు.

– కొందరు తెలుగు ప్రోగ్రామర్లు, మారతహళ్లి, బెంగళూరు