మన షాపు మెట్ల మీద కార్పెట్ ఇక ఉండదు

సుల్తాన్ బజార్‌లో మా పై అంతస్తు చీరల షాపుకు ఏళ్ల తరబడి వస్తున్న అక్కలకు, పిన్నిగార్లకు నమస్కారం.

శ్రావణం మొదటి వారంలోనే షట్టర్ దించారేమిటని చాలామంది ఫోన్ చేశారు. మెట్ల రిపేరు అని మా కుర్రాళ్లు చెప్పింది నిజమే. అసలు సంగతి మాత్రం నేనే చెప్పాలి.

పైనుంచి మూడో మెట్టు మెత్తగా దిగుతోందని రెండేళ్లుగా మీలో కొందరు అంటూనే ఉన్నారు. కార్పెట్ కింద ఫోమ్ నలిగిందని సర్దిచెప్పాను. మొన్నటి వానలకు గోడ చెమ్మ దిగి ముక్క వాసన కొడితే కార్పెట్ పీకించాం. మూడో మెట్టు బండ అడ్డంగా రెండు ముక్కలై ఉంది! పగులు మీద సిమెంటు మెత్తి, పైన ప్లైవుడ్ ముక్క పెట్టి, కార్పెట్ అంటించేశారు. ఆ ప్లైవుడ్ ఇప్పుడు పొరలు పొరలుగా ఊడి వస్తోంది. అప్పట్లో కార్పెట్ వేసిన మనిషి మెట్లన్నీ గట్టిగా ఉన్నాయని నాన్నగారికి చెప్పి, పూర్తి డబ్బు తీసుకుని వెళ్లాడు. నాన్నగారు చివరిదాకా ఆ మాట నమ్మారు.

పోయిన దసరాకు అదే మెట్టు మీద ఒక పిన్నిగారి కాలు మడతపడితే, 'చూసుకుని దిగాలమ్మా' అన్నాను. వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాను. ఇక్కడా చెబుతున్నాను. తప్పు నాదే.

మిగతావి పాత షాబాద్ బండలు. మధ్యలో అడుగుల రాపిడికి నున్నబడి ఎంత బాగున్నాయో! వాటి మీద జిగురు నల్లగా అట్టకట్టింది. వేడి గాలి మిషన్‌తో మెత్తబరిచి గీకమని మేస్త్రీకి మరీ మరీ చెప్పాను. నేను బ్యాంకుకు వెళ్లొచ్చేలోగా యాసిడ్ పోశాడు. షాబాద్ బండంటే సున్నపురాయి. యాసిడ్ తగిలితే నురగలు కక్కి పైపొర కరిగిపోతుంది. జిగురు కదల్లేదు గానీ నాలుగు మెట్లు తెల్లబారి గరుకుగా తేలాయి. అడిగితే, 'పైన గ్రానైట్ వేసేయండి సార్, ఏమీ కనబడదు' అన్నాడు. అక్కడితో అతని లెక్క తేల్చి పంపేశాను.

తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు. కొత్త కార్పెట్ అయితే రెండు రోజుల్లో తెరవచ్చు. కానీ గోడ చెమ్మ పోనిదే మళ్లీ అదే కథ. గ్రానైట్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది, తడి కాళ్లకు జారుతుంది. పైగా ఉన్న మెట్ల మీదే పరిస్తే కింది మొదటి మెట్టు ఆ మందం మేర ఎత్తు పెరుగుతుంది, పైన చివరిది అంత తగ్గుతుంది. చీరల సంచులు చేతిలో పెట్టుకుని దిగేవాళ్లకు ఆ ముప్పావు అంగుళం తేడా చాలు తూలడానికి. పాత బండలే ఉంచాలని నిర్ణయించాను. సీజన్ అమ్మకం పోతుందని ఇంట్లో గొడవైంది. అయినా మాట మార్చలేదు.

'ఇంత వ్యాపారం చేస్తూ మెట్లకు కార్పెట్ కూడా వేయించలేరా' అని బాగా తెలిసినవారే ఒకరు అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. కార్పెట్‌కయ్యే దానికంటే ఈ పనికే ఎక్కువ ఖర్చయిందమ్మా.

పగిలిన మెట్టుకు పాత మందంలోనే బండ వెతికి తెచ్చి వేయించాం. యాసిడ్ పడ్డ నాలుగింటినీ అరగదీయించాం. రంగు కాస్త పాలిపోయి కనిపిస్తుంది, అది ఇక పోదు. అద్దంలా మెరిసే పాలిష్ నేనే వద్దన్నాను. గోడ పని జరుగుతోంది, పట్టుకుని ఎక్కి దిగడానికి రెయిలింగ్ బిగించాం.

సోమవారం తెరుస్తున్నాం. ఫాల్, పీకోకు ఇచ్చిన చీరలు భద్రంగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్లెక్కొద్దు. కింద నుంచి ఒక్క కేక వేయండి, చీరలు నేనే దింపుకొస్తాను.