ఐదింటికే దీపాలార్పితే బొమ్మలెవరి కోసం?

సంపాదకుడికి,

అయ్యా,

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే మన ఊళ్లలో జనం ఇంటిపట్టున ఉండరు. ఉక్కపోత ఉండదు, వాన భయం ఉండదు. తెల్లవారుజామున తిరుప్పావై, సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట కచేరీ. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండుగ. హైదరాబాదులో 1938లో మొదలైన నుమాయిష్‌కు ఈనాటికీ పిల్లలకు మఫ్లర్లు చుట్టి మరీ తీసుకువెళ్లి రాత్రి దాకా తిప్పుతారు. ఇంత సందడిలోనూ పొద్దు గూకకముందే తాళం పడే చోటు ఒకటుంది. అదే ప్రభుత్వ చిత్రశాల.

నేను డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. పోయిన చలికాలం మనవరాలిని వెంటబెట్టుకుని ఒక పట్టణంలోని చిత్రశాలకు వెళ్లాను. ఊరి పేరు అనవసరం, ఇది ఆ ఒక్క ఊరి జబ్బు కాదు. బస్సు దిగి లోపలికి వెళ్లేసరికి నాలుగున్నర. మా పిల్ల ఒక నాట్యకత్తె బొమ్మ ముందు ఆగి, వేలు గాలిలో ఆడిస్తూ కాలి గజ్జెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడో గజ్జె దగ్గర ఉండగా హాలు ఆ చివర ట్యూబులైటు ఆరింది. తరువాత దాని పక్కది. కావలి మనిషి తాళాల గుత్తి ఆడించుకుంటూ ఒక్కొక్క స్విచ్చీ నొక్కుకుంటూ మా వైపు వస్తున్నాడు. అతణ్ణి తప్పు పట్టను. అతని బస్సు వేళ అతనికి ఉంటుంది. అతనికి ఐదు గంటలని చెప్పిన కాగితాన్ని తప్పు పడుతున్నాను. ఉద్యోగస్తులు ఆఫీసులోంచి, పిల్లలు బడిలోంచి బయటపడేది ఆ వేళకే కదా. మరి ఆ చిత్రశాల ఎవరి కోసం తెరిచినట్టు?

జనం రారండీ అనే మాట చాలాసార్లు విన్నాను. అలా అనేవారు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు నిలబడి చూడాలి. గంట కొట్టే సమయం దగ్గరపడేసరికి అక్కడ కూర్చునే చోటు దొరకదు. గడియారంలోంచి బుల్లి బొమ్మ మనిషి బయటికి వస్తాడు, గంట కొడతాడు, లోపలికి పోతాడు. అంతే. ఆ కాస్త దానికి చంటిపిల్లల్ని భుజాన వేసుకుని మరీ కాచుకుంటారు. ఫలానా వేళకు ఫలానాది జరుగుతుందని తెలిస్తే మనవాళ్లు వస్తారు. మన చిత్రశాలల్లో అలాంటి వేళ అంటూ ఒకటి లేకపోవడమే లోటు.

ఈ పని చేసి చూపించినవాళ్లున్నారు. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొస్తుండగానే లండన్ నేషనల్ గ్యాలరీ తన చిత్రాలన్నిటినీ ఊరు దాటించింది. కొన్నాళ్లకు వాటిని వేల్సులోని ఒక పలక రాతి గనిలో దాచారు. ఖాళీ గోడల మధ్య 1939 అక్టోబరు 10న మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు కచేరీలు మొదలుపెట్టింది. శత్రు విమానాలకు ఆనవాలు దొరకకుండా రాత్రిపూట ఊరంతా దీపాలార్పేవారు కనుక మధ్యాహ్నం భోజనం వేళకు పెట్టారు. టిక్కెట్టు ఒక షిల్లింగు. పేరున్నవారికీ కొత్తవారికీ ఒకటే పారితోషికం. భవనం మీద బాంబు పడినా ఆపలేదు. ఆరున్నరేళ్లలో 1,698 కచేరీలు జరిగాయి, ఎనిమిది లక్షల మందికి పైగా విన్నారు. వాళ్లకు రాత్రి దీపం పెట్టుకునే వీలు లేదు. మనకు ఆ వీలుంది, మనమే ఆర్పుకుంటున్నాం.

ఆ కథలో నాకు ఇంకా ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. 1942 జనవరిలో ఒక పాఠకుడు టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. సంగీతం సరే, చూడడానికి ఒక్క మంచి బొమ్మయినా ఉండాలి కదా అన్నది దాని సారాంశం. గ్యాలరీవారు ఆ మాట విన్నారు. గనిలోంచి నెలకొక్క చిత్రాన్ని తెప్పించి, దాన్నొక్కదాన్నే గోడకు తగిలించారు. ఆ ఒక్క బొమ్మ కోసం జనం వరుస కట్టారు. పత్రికకు రాసిన ఉత్తరం పనిచేసిన సందర్భం ఒకటి ఉంది కనుకనే, అయ్యా, నేనూ ఈ కాగితం ఖర్చు పెడుతున్నాను.

మా రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో ఇక్కడే పుట్టి, ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ చదివి, తిరిగి వచ్చి ఇక్కడే శిష్యుల్ని కూడగట్టిన మనిషి ఆయన. మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. వరదా వెంకటరత్నం మొదలైన మిత్రులు ఆయన పేరు పోకుండా చిత్రశాలనూ బడినీ నిలబెట్టారు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాల పేర్లు మా ఊళ్లో చాలామందికి తెలుసు. వాటి ముందు పావుగంట నిలబడినవారు ఎందరంటే మాత్రం వేళ్లు ముడవాలి.

నా కోరిక చిన్నది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాష్ట్రంలోని ప్రభుత్వ చిత్రశాలలు వారానికి రెండు సాయంత్రాలు ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచాలి. నెలకొక చిత్రాన్ని విడిగా ఒక గోడకు పెట్టి, దాని గురించి తెలిసినవారితో అరగంట తెలుగులో చెప్పించాలి. ఆ తరువాత ఒక గంట వీణో, వయొలినో, మైకు లేకుండా. హాలు చిన్నదైతే మైకు అక్కర్లేదు, చుట్టూ బొమ్మలున్నప్పుడు అసలే వద్దు. పుష్య బహుళ పంచమి చలికాలంలోనే వస్తుంది. మన పట్టణాల్లో ఎన్నోచోట్ల ఆనాడు త్యాగరాజ పంచరత్నాలు పాడుతూనే ఉన్నారు. ఒక ఏడాది చిత్రశాలలో కూర్చుని పాడితే స్వామికి కోపం రాదు.

బొమ్మల క్షేమం గురించి అడ్డు చెప్పేవారికి నాదీ ఒక మాట. నీటిరంగుల చిత్రాలు వెలుతురు తగిలినకొద్దీ వెలిసిపోతాయి. వెలుతురును కొలిచే లక్సుల లెక్కన 50కి మించి పడనివ్వకూడదన్నది సంరక్షకులు పాటించే లెక్క. అందుకే వాటిని ఏడాది పొడవునా ఒకే మేకుకు వేలాడదీయకుండా మార్చి మార్చి పెట్టమంటారు. గోదావరి ఒడ్డున వానాకాలం తేమకు కాగితం బూజు పడుతుంది, చలికాలం గాలి కాస్త పొడిగా ఉంటుంది. కనుక నెలకొక చిత్రం పద్ధతి బొమ్మకూ మేలే. వద్దనవలసింది జ్యోతి ప్రజ్వలనను. నూనె పొగ, అగరుబత్తి మసి బొమ్మ దరిదాపులకు రాకూడదు. ఆ పని మీద ఉండగానే వేదిక, ఫ్లెక్సీలు, శాలువాలు, రెండు గంటలు ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, వీటిని కూడా గుమ్మం బయటే ఆపితే మరీ మంచిది. ఆ డబ్బు పాడినవారి చేతిలో పెట్టండి. ‘అవకాశం ఇచ్చాం కదా’ అని చేతులు దులుపుకోవద్దు.

కావలి వాళ్లకు ఆ రెండు సాయంత్రాల అదనపు భత్యం ఇవ్వాలి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ ఇది తేలకపోతే ఏ ఉత్తర్వూ ఆరు దాటదు. బయట ముంతకింద పప్పు బండి, రోజ్ మిల్కు ఎలాగూ వాటంతట అవే వస్తాయి. చలిలో రోజ్ మిల్కేమిటని పొరుగూరి వాళ్లు అడుగుతారు. మా ఊళ్లో తాగుతారు.

మొదటి సాయంత్రానికి తేదీ నేనే చెబుతాను. వచ్చే ఫిబ్రవరి 6, రామారావు పోయిన రోజు. కుర్చీలు చాలవనుకుంటే మా వీధి బడిలో జంపఖానాలు నాలుగున్నాయి, అడిగి తెచ్చే పూచీ నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు,
రాజమహేంద్రవరం