మంత్రిగారూ, రెండు రోజుల శిక్షణతో సీబీటీ రాదు. మా సెషన్లు వినే ఒక్క మనిషిని ఇవ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములతో విన్నవించుకొనునది.

నేను రాయలసీమలోని ఒక జిల్లా ఆసుపత్రిలో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స)లో మాకు సరైన శిక్షణ కావాలని పద్నాలుగు నెలల్లో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిది రిజిస్టర్ పోస్టులో పంపాను, రెండోది స్వయంగా ఇచ్చి రసీదు తీసుకున్నాను, మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో వరుసలో నిలబడి ఇచ్చాను. మూడింటికీ కలిపి వచ్చిన జవాబు ఒక్కటే: "సదరు శిక్షణ ఇదివరకే పూర్తయినందున తదుపరి చర్య అవసరం లేదు." ఆ ఒక్క వాక్యం నన్ను ఈ లేఖ దాకా తెచ్చింది. శిక్షణ పూర్తి కాలేదని, అసలు మొదలే కాలేదని మీకు చెప్పుకోవడానికి నాకు ఇంకో దారి కనిపించలేదు.

రెండు రోజుల వర్క్‌షాపు జరిగిన మాట నిజం. ఆలోచన, భావోద్వేగం, ప్రవర్తన, శరీరంలో మార్పులు, వీటి మధ్య బాణం గుర్తులు వేసిన బొమ్మ చూపించారు. సీబీటీకి పునాది వేసిన మనోవైద్యులు ఆరన్ బెక్ 1960లలో పెన్సిల్వేనియాలో డిప్రెషన్ రోగుల మాటల్లో ఏమి గమనించారో చెప్పారు. రెండో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చారు. వేదిక మీది పెద్దలు ఒకరు మూడు నెలల్లోపు నెలనెలా కేసు చర్చలు ప్రారంభిస్తామని, అనుభవజ్ఞులు మా సెషన్లు విని సరిదిద్దుతారని మాట ఇచ్చారు. ఆ మాటకు మేమందరం చప్పట్లు కొట్టాము. ఒక్క చర్చా జరగలేదు.

అయ్యా, సీబీటీ పుస్తకం చదివితే వచ్చేది కాదు. పక్కన ఒకరు కూర్చుని, మనం రోగితో మాట్లాడిన రికార్డింగు విని, ఇక్కడ ఆగావు, ఇక్కడ తొందరపడ్డావు అని చెబితే వచ్చేది. ఎం.ఫిల్ రెండేళ్లలో నాకు ఆ భాగ్యం కొంత దక్కింది. ఒకసారి మా మేడమ్ నా రికార్డింగు మధ్యలో ఆపి, "ఇక్కడ ఆమె గొంతు మారింది, ఏడవబోతోంది. నువ్వు కాగితం చూసుకుని తరువాతి ప్రశ్న అడిగావు. ఎందుకు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్న నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు. కానీ చదువుకునే రోజుల్లో మొదటి సెషన్ నుంచి చివరి దాకా నేను నడిపిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అసలైన రోగులు, అసలైన చిక్కులు ఉద్యోగంలో చేరాక ఎదురయ్యాయి. సరిగ్గా అప్పుడే వినేవారు లేకుండా పోయారు.

వినేవారు లేకపోతే ఏమవుతుందో ఒక్క కేసు చెబుతాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ముప్పై దాటిన ఒక ఎలక్ట్రీషియన్, ఒక రోజు బస్సులో ఉండగా గుండె దడ మొదలై, చెమటలు పట్టి, ప్రాణం పోతుందని దిగిపోయాడు. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. వాటికి అప్పు కూడా చేశాడు. ఆ తరువాత బస్సు ఎక్కడం మానేశాడు, క్రమంగా పక్క ఊరి పనులూ వదులుకున్నాడు. బ్రిటిష్ సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో వివరించిన పానిక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్ర భయం) చక్రం ఇతనిలో అచ్చంగా కనిపించింది: గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే "ఇది గుండెపోటు" అనుకోవడం, ఆ భయంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకోవడం, దానితో భయం మరింత పెరగడం.

నేను చదువుకున్న ప్రకారమే చేశాను. మెట్లు ఎక్కించి గుండె దడ తెప్పించాను, అది దానంతట అదే తగ్గుతుందని చూపించాను. ఊరి బస్టాండు దాకా నడిపించాను, ఒక స్టాపు దూరం బస్సు ఎక్కించాను, తరువాత రెండు స్టాపులు. ఆరు వారాలు గడిచాయి. స్టాపులు పెరిగాయి కానీ భయం మాత్రం ఉన్న చోటే నిలిచింది. కారణమేమిటో నాకు అంతుపట్టలేదు. ఏడో వారం మాటల మధ్యలో అతనే అన్నాడు: "మేడమ్, జేబులో మాత్ర ఉంది కాబట్టి బతికి వస్తున్నా. అది లేకపోతే ఎక్కేవాణ్ణి కాదు."

చొక్కా జేబులో మడతపెట్టిన కాగితంలో ఒక మాత్ర. చేతిలో నీళ్ల సీసా. కిటికీ పక్క సీటు మాత్రమే. బస్సు ఎక్కిన ప్రతిసారీ అతను "మాత్ర వల్ల బతికాను" అనే పాఠాన్నే గట్టిపరుచుకున్నాడు తప్ప, "ఏమీ కాలేదు" అనే పాఠం నేర్చుకోలేదు. ఇలాంటి రక్షణ అలవాట్లను ముందే అడిగి, మెల్లగా ఒక్కొక్కటీ వదిలించాలని ఏ సీబీటీ పుస్తకంలోనైనా ఉంటుంది. నేనూ చదివాను, పరీక్షలో రాశాను. ఎదురుగా రోగి ఉన్నప్పుడు మాత్రం అడగడం మరచిపోయాను. రెండో వారం రికార్డింగు ఎవరైనా పది నిమిషాలు విని ఉంటే, "జేబులో ఏముందో అడిగావా?" అనేవారు. మిగతా వారాల అతని కూలి, బస్సు ఛార్జీలు, ఓపిక మిగిలేవి. ఆ తప్పు నాది. నేను దాన్ని ఎవరి మీదా వేయడం లేదు. నా తప్పు నాకు చూపించే ఏర్పాటు చేయమని మాత్రమే వేడుకుంటున్నాను.

భాష సంగతి కూడా విన్నవించాలి. మాకు ఇచ్చిన తెలుగు కరపత్రంలో ఆంగ్ల ప్రశ్నలను మాటకు మాట తిప్పేశారు. "ఈ ఆలోచనకు మీ దగ్గర ఆధారమేమిటి?" అని అందులో ఉంది. నేను యథాతథంగా ఒక పెద్దావిడను అడిగాను. ఆమె కంగారుగా చేతిసంచి విప్పి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. తనను అనుమానిస్తున్నానని అనుకుంది. మళ్లీ నమ్మకం కుదరడానికి రెండు వారాలు పట్టింది. "అలా ఎందుకనుకుంటున్నావమ్మా, ఎప్పుడైనా అలా జరిగిందా, జరగని రోజులు కూడా ఉన్నాయా?" అని అడగాలని తరువాత నాకు నేనే నేర్చుకున్నాను. మా దగ్గరకు వచ్చేవారు "ఆందోళన" అనరు. గాబరా అంటారు, గుబులు అంటారు, నరాల వీక్‌నెస్ అంటారు. మనసులో ఏమి మెదిలిందని అడిగితే "ఏమీ లేదు, భయమేసింది, అంతే" అంటారు. ఆలోచనల పట్టిక నింపమంటే చదువు రాదంటారు. అందుకని ఒకామెకు గోడ మీది క్యాలెండరులో బయటకు వెళ్లిన రోజున కుంకుమ బొట్టు పెట్టమని చెప్పాను. నెల తిరిగేసరికి ఆమె క్యాలెండరు చుట్ట చుట్టి తెచ్చి, పదకొండు బొట్లు నాకు చూపించింది. ఇది సరైన పద్ధతేనా, ఇంకా బాగా చేయవచ్చా అని అడగడానికి నాకు మనిషి లేరు. ఇలాంటి ఉపాయాలు ఇతర జిల్లాల్లోని నా సహోద్యోగుల దగ్గర ఎన్నో ఉంటాయి. వాటిని పంచుకునే వేదికా లేదు.

సీబీటీ చేసేవారి నైపుణ్యాన్ని కొలవడానికి జెఫ్రీ యంగ్, బెక్ 1980లో ఒక స్కేలు తయారుచేశారు. పదకొండు అంశాలు, ఒక్కోదానికి 6, మొత్తం 66 మార్కులు. సెషన్‌కు ఎజెండా పెట్టామా, రోగి చేతనే సమాధానం కనుగొనేలా ప్రశ్నించామా, హోంవర్కు చూశామా అని ఒక్కొక్కటీ కొలుస్తారు. రోగి రాతపూర్వకంగా ఒప్పుకున్న సెషన్లను రికార్డు చేసి, రాత్రి ఇంట్లో వింటూ నాకు నేనే మార్కులు వేసుకుంటున్నాను. తన పరీక్ష పేపరు తానే దిద్దుకునే విద్యార్థికి తన తప్పు ఎలా కనబడుతుంది? జేబులోని మాత్ర నాకు కనబడిందా?

మీ శాఖకు నేను నెలనెలా పంపే నివేదికలో "కౌన్సెలింగ్ పొందినవారి సంఖ్య" అనే గడి ఒకటి ఉంది. వారిలో ఎందరు కోలుకున్నారనే గడి లేదు. ప్రతి సెషన్ మొదట్లో నేను డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పీహెచ్‌క్యూ ప్రశ్నలు తొమ్మిదీ అడిగి, 27కు ఎంతో రాసుకుంటాను. ఆ అంకెలు నా రిజిస్టరు దాటి వెళ్లవు, వాటిని అడిగినవారూ లేరు. పది నిమిషాలకు ఒకరి చొప్పున మాట్లాడి పంపినా, నలభై అయిదు నిమిషాలు కూర్చుని పద్ధతిగా చికిత్స చేసినా, ఆ గడిలో పడేది ఒకటే. సంఖ్య తగ్గిందని నన్ను రెండుసార్లు సంజాయిషీ అడిగారు. చికిత్స సరిగా చేశావా అని ఒక్కసారీ అడగలేదు.

ఇది మన వల్ల కాని పని అయితే నేను ఇంతగా ప్రాధేయపడేదాన్ని కాదు. ఇంగ్లండు 2008లో ప్రభుత్వ సేవల్లోకి మాటల చికిత్సను పెద్దయెత్తున తెచ్చినప్పుడు ఏడాది శిక్షణ, వారంవారం సూపర్‌విజన్ (అనుభవజ్ఞులు చూసి సరిదిద్దడం) దానిలో భాగం చేసింది. అంత దూరం వద్దు, గోవా చూడండి. అక్కడ మనోవైద్యులు విక్రమ్ పటేల్ బృందం వైద్యవృత్తిలో లేని సామాన్యులకు నేర్పించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే డిప్రెషన్ రోగులకు ఆరు నుంచి ఎనిమిది సెషన్ల చికిత్స చేయించింది. ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఆ కౌన్సెలర్లు గుంపుగా కూర్చుని ఒకరి రికార్డింగు ఒకరు విని, మార్కులు వేసుకుని, చర్చించుకునేవారు. దానికి కొత్త భవనం అక్కరలేదు, పెద్ద బడ్జెట్టూ అక్కరలేదు. 14416 నంబరుతో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నడుపుతున్న మనకు, వారానికి ఒక గంట వీడియోలో పదిమంది సైకాలజిస్టులను కలపడం కష్టమా?

నేను అడిగేది అదే. విశాఖ మానసిక వైద్యశాల నుంచి గానీ, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నుంచి గానీ, సీబీటీ బాగా తెలిసిన ఒకరిని మాకు సూపర్‌వైజర్‌గా కేటాయించండి. వారానికి ఒక గంట చాలు. ఆ గంట మా డ్యూటీలో భాగమని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి, లేకపోతే ఓపీ వదిలి మీటింగులో కూర్చున్నావని మళ్లీ సంజాయిషీ వస్తుంది. తెలుగులో, మన జనం మాట్లాడే తెలుగులో, పని చేసేవారి చేతనే ఒక మాన్యువల్ రాయించండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడాన్ని హక్కు అన్నది. మా దగ్గరకు వచ్చేవారికి ఆ హక్కు కింద అందాల్సింది సగం నేర్చిన చేతుల చికిత్స కాదు కదా. ఇంకేమీ చేయలేకపోతే, ఆ సూపర్‌వైజర్ నియామకం ఒక్కటైనా చేయండి.

ఆ ఎలక్ట్రీషియన్ ఇంకా వస్తున్నాడు. పోయిన వారం మాత్ర ఇంట్లో పెట్టి రెండు స్టాపులు వెళ్లివచ్చాడు. వచ్చే మంగళవారం పదకొండు గంటలకు మా సెషన్. అందులో తరువాతి అడుగు ఎంత పెద్దది వేయించాలో నాకు నిశ్చయంగా తెలియడం లేదు. తొందరపడితే అతను మళ్లీ ఇంట్లో కూర్చుంటాడు, వెనకాడితే సీసాకూ కిటికీ సీటుకూ అతుక్కుపోతాడు. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి నాకు ఒక మనిషిని చూపించండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
ఒక క్లినికల్ సైకాలజిస్టు,
జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం