బియాస్‌లో మహసీర్‌కు దారేదీ?

సంపాదకులకు,

హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నది అనగానే మనకు 2014 జూన్‌లో లార్జి డ్యామ్ నీళ్లలో కొట్టుకుపోయిన హైదరాబాద్ విద్యార్థులు గుర్తొస్తారు. గేట్లు ఒక్కసారిగా ఎత్తడం, దించడం వల్ల ఆ నదిలో చేపలకూ గండమే. ఆ మాట ఎవరూ ఎత్తరు.

హిమానీనదాల చల్లటి నీళ్లలో స్నో ట్రౌట్, కాస్త దిగువన గోల్డెన్ మహసీర్ అనే చేపలు బతుకుతాయి. మహసీర్ వానాకాలంలో గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదుతుంది. మరి దారిలో డ్యామ్ ఉంటే? 1977 నుంచి పండోహ్ డ్యామ్ దగ్గర బియాస్ నీళ్లను సొరంగాల్లో సట్లెజ్‌కు మళ్లిస్తున్నారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో మహసీర్ ఇప్పుడు అంతరించే ముప్పున్న చేప.

ఉపనది తీర్థన్ మీద మాత్రం ట్రౌట్ కోసం చాలా జలవిద్యుత్ ప్రాజెక్టులు ఆపేశారు. సంతోషమే. కానీ అక్కడి బ్రౌన్ ట్రౌట్ బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలినది! పరాయి చేపకు దక్కిన మర్యాద సొంత చేపకు దక్కలేదు.

చలికాలంలో మంచు కరగక నది సన్నబడుతుంది. అప్పుడూ నదిలో వచ్చే నీళ్లలో కనీసం 15 శాతం డ్యామ్‌ల నుంచి కిందికి వదలాలన్నది హిమాచల్ నిబంధన. ఏ డ్యామ్ నుంచి ఏ రోజు ఎంత వదిలారో ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి.

– ఓ పాఠకుడు, హైదరాబాద్