జవాబివ్వకుండానే మా ఫిర్యాదును మూసివేయడం గురించి

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

నమస్కారం. మేము మిర్యాలగూడలో చిన్న ఆహార పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాము. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే టాక్సిన్‌ను (విషాన్ని) రంగు మార్పుతో గుర్తించే మీ ఎలైసా కిట్ ఏప్రిల్ 22న మాకు చేరింది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో రావలసిన పెట్టెను విప్పితే ఐస్ ప్యాక్‌లు పూర్తిగా కరిగి, చేతికి గోరువెచ్చగా తగిలాయి. అయినా పరీక్ష చేసి చూశాము. కిట్ సరిగా పనిచేస్తోందో లేదో చూపే పాజిటివ్ కంట్రోల్ వేసిన రెండు వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) నీలం రంగు తేలి, స్టాప్ సొల్యూషన్ పడగానే పసుపుకు మారాలి. అవి పక్కనున్న, టాక్సిన్ వేయని బ్లాంక్ వెల్స్ లాగే మంచినీళ్లలా ఉండిపోయాయి. నల్లగొండ ఎండల్లో సరుకు చెడిపోవడాన్ని మేము అర్థం చేసుకోగలము. ఆ తరువాత మీవాళ్లు మమ్మల్ని తిప్పిన తీరునే సహించలేకపోతున్నాము.

అదే రోజు ఫోన్ చేస్తే, మొదటి ప్రతినిధి లాట్ నంబరు రాసుకుని 48 గంటల్లో నిపుణులు మాట్లాడతారన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నాలుగో రోజు మేమే చేస్తే, ఇంకొకరు లాట్ నంబరుతో సహా అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. ప్లేటు ఫొటోలు అడిగితే పంపాము, అందలేదంటే మళ్లీ పంపాము. కంట్రోల్‌కు రంగు రాలేదని నేను చెబుతుండగానే మూడో వ్యక్తి, "అయితే మీ శాంపిల్ నెగెటివ్ అన్నమాట, మంచిదే కదా" అన్నారు. టాక్సిన్ కిట్లు అమ్మే సంస్థ తరఫున అనవలసిన మాట కాదది. కంట్రోల్ పలకని ప్లేటులో విషమున్న శాంపిల్ కూడా శుభ్రంగానే కనిపిస్తుంది.

ఆ శాంపిల్, దేవరకొండ వైపు మహిళా సంఘం వారు నూనెలో నిల్వ చేసి అమ్మదలచిన వెల్లుల్లి. పులుపు లేని పదార్థం గాలి తగలకుండా నూనెలో మునిగి ఉంటే ఈ టాక్సిన్‌ను తయారుచేసే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా పెరగగలదు. టాక్సిన్ ఉన్నా వాసనకు, రుచికి తెలియకపోవచ్చు. పీసీఆర్ చేస్తే టాక్సిన్ జన్యువు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది గాని, టాక్సిన్ తయారైనదీ లేనిదీ తెలియదు. ఎంతోకాలంగా ప్రామాణికమైన చిట్టెలుకల పరీక్షకు జంతుశాల, అనుమతులు కావాలి, ఫలితానికి నాలుగు రోజుల దాకా ఆగవలసి రావచ్చు. టాక్సిన్ ఇంకా పనిచేసే స్థితిలో ఉందా అన్నది ఎలైసా చెప్పదని మాకు తెలిసినా, మా స్థాయి ల్యాబ్‌కు అదే ఆధారం. ఆ మహిళలు ఇప్పటికి మూడుసార్లు బస్సెక్కి వచ్చి ఉత్తచేతులతో తిరిగి వెళ్లారు.

మే 9న "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని సందేశం పంపి, వెంటనే మీ సేవకు ఎన్ని స్టార్లు ఇస్తామని అడిగారు. ఆరేళ్లుగా సాల్మొనెల్లా కిట్లు మొదలు అన్నీ మీ దగ్గరే కొంటున్నాము. సరుకు ఆలస్యమైనప్పుడు కూడా ఇంకొకరి గడప తొక్కలేదు. ఆ నమ్మకానికి ఇదా మర్యాద?

కొత్త కిట్ పంపుతారో, డబ్బు తిరిగి ఇస్తారో తరువాతి మాట. ముందుగా ఎలైసా తెలిసిన మనిషి ఒకరు మాతో మాట్లాడాలి. 7 రోజుల్లో ఆ ఫోన్ రాకపోతే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము, మా ప్లేటు ఫొటోలను లాట్ నంబరుతో సహా మాకు తెలిసిన ప్రతి ల్యాబ్‌కూ పంపుతాము.

ఇట్లు,
ల్యాబ్ నిర్వాహకురాలు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా